పద్నాలుగు టైర్ల బండి: 777-200 నుంచి 777-300ఈఆర్‌కి మారిన నా అనుభవం

మా బాబాయి నా గదిలోకి వచ్చి, కంప్యూటర్ తెర మీద విమానాన్ని కింది నుంచి చూసి, మొట్టమొదట చేసిన పని టైర్లు లెక్కపెట్టడం. ముక్కు కింద రెండు. రెక్కల కింద ఒక్కో కాలికి ఆరు చొప్పున పన్నెండు. "పద్నాలుగు టైర్ల బండి. నేను తోలిందీ అదేగా అమ్మడూ" అన్నాడు.

ఆయన ముప్పై ఏళ్లు లారీ తోలాడు. పది టైర్ల బండితో మొదలుపెట్టి, పన్నెండు, ఆఖరికి పద్నాలుగు టైర్ల బండి దాకా వచ్చి, మోకాళ్లు మొరాయించాక ఆపేశాడు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను. ఇల్లు పటమటలో. విమానాలకీ మా ఇంటికీ ఏ సంబంధమూ లేదు. 2017లో, విజయవాడలో పెరిగిన అనీ దివ్య ముప్పై ఏళ్లకే బోయింగ్ 777 కమాండర్ అయ్యారని పేపర్లో చదివాను. ఆ వార్త కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకున్నాను. మన ఊళ్లో చదువుకున్న అమ్మాయి నడిపే ఆ విమానం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనిపించింది. అలా పట్టుకున్నదాన్ని ఇప్పటికీ వదల్లేదు. ఇంట్లో కూర్చుని తెర మీద విమానం నడిపించే సిమ్యులేటర్ (సిమ్ అంటాం) కోసం ఒక మంచి కంప్యూటర్, ఒక జాయ్‌స్టిక్ కొనుక్కోవడానికి మాత్రం 2024 దసరా దాకా ఆగాల్సి వచ్చింది.

బాబాయి వచ్చిన రోజు నేను చాలా టెన్షన్‌లో ఉన్నాను. సిమ్‌లో శంషాబాద్ టాక్సీవే (గేటు నుంచి రన్‌వేకి వెళ్లే దారి) మీద మలుపు తిప్పుతుంటే ఎడమ కాలి చక్రాలు గడ్డిలోకి దిగిపోయాయి. ఆ సాయంత్రం అది మూడోసారి.

అసలు సంగతి ఏమిటంటే, అప్పటికి ఎనిమిది నెలలుగా నేను 777-200ఈఆర్ (ఈఆర్ అంటే ఎక్కువ దూరం పోయే రకం) నడుపుతున్నాను. దాని మీద చెయ్యి బాగా కుదిరింది. ఆ వారమే 777-300ఈఆర్‌కి మారాను. రెండింటి కాక్‌పిట్‌లోనూ అవే తెరలు, అవే స్విచ్‌లు, అదే స్టీరింగ్. నిజం పైలట్లకు కూడా రెండింటికీ కలిపి ఒకటే టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం నడపడానికి ఇచ్చే అర్హత. తేడాల మీద కొంత శిక్షణ ఇస్తారు, అంతే. కాబట్టి 200 వచ్చినవాళ్లకు 300 వచ్చేసినట్టేనని అనుకున్నాను. సీట్లో కూర్చుంటే అన్నీ ఒకేలా ఉంటాయి కదా. మారింది నా వెనకాల ఉన్న భాగం. అది నాకు కనపడదు.

200 పొడవు 63.7 మీటర్లు. 300 పొడవు 73.9 మీటర్లు. ఆ పది మీటర్ల చిల్లర ఒకే చోట కలపలేదు. రెక్కకు ముందు 5.3 మీటర్లు, రెక్కకు వెనక 4.8 మీటర్లు అతికారు. నేను పడ్డ రెండు పెద్ద ఇబ్బందుల్లో మొదటిది ఆ ముందు ముక్క వల్ల, రెండోది వెనక ముక్క వల్ల వచ్చాయి.

మొదటిది ఈ మలుపుల గొడవ. బాబాయి కుర్చీ లాక్కుని కూర్చుని, "డ్రైవరు ఎక్కడ కూర్చుంటాడు, ముందు చక్రం ఎక్కడుంటది?" అని అడిగాడు. పైలట్ కూర్చునేది ముక్కు చక్రానికి బాగా ముందు. "మరి వెనక చక్రాలు?" ముక్కు చక్రం నుంచి ప్రధాన చక్రాల దాకా 200కి 25.9 మీటర్లు, 300కి 31.2 మీటర్లు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించాడు. "నువ్వు గీత వంపు కనపడగానే తిప్పుతున్నావు. అందుకే వెనకది లోపలికి కోసేసుద్ది. బెంజ్ సర్కిల్ దగ్గర పొడుగు ట్రైలర్ ఎట్టా తిరుగుద్దో చూశావా? డ్రైవరు సర్కిల్ దాటిపోయాడు, ఇక నేరుగా పోతాడనుకుంటాం. అప్పుడు తిప్పుతాడు."

సరిగ్గా అదే. 300లో టాక్సీవే మధ్యలోని పసుపు గీత ఎడమకు తిరుగుతున్నా, నేను దాన్ని వదిలేసి ముందుకే పోవాలి. నా సీటు గీతను దాటి, టాక్సీవే అవతలి అంచు మీదికి వచ్చేసినట్టు కనిపిస్తుంది. ముందు గడ్డి తప్ప ఏమీ కనపడదు. అప్పటిదాకా ఆగి, అప్పుడు తిప్పాలి. మొదటిసారి అలా ఆగడానికి ప్రాణం ఒప్పుకోలేదు. బాబాయి పక్కనే కూర్చుని "ఇంకా... ఇంకా... ఇంకా పోనీ... ఇప్పుడు కొట్టు" అన్నాడు. కొట్టాను. చక్రాలు కాంక్రీటు మీదే ఉన్నాయి.

తర్వాత చదివితే తెలిసింది, బోయింగ్ వాళ్లు దీనికి రెండు సాయాలు పెట్టారని. ఒకటి, ప్రధాన కాలికున్న మూడు జతల చక్రాల్లో చివరి జత కూడా కొద్దిగా తిరుగుతుంది. ముక్కు చక్రం 13 డిగ్రీలు దాటి తిరిగితే అది మొదలవుతుంది. ఇది 200కీ ఉంది, 300కీ ఉంది. రెండోది మాత్రం పొడుగుదాని కోసమే పెట్టిన కెమెరాలు. తోక దగ్గరి చిన్న రెక్కల ముందు అంచుల్లో, పొట్ట కింద కెమెరాలు పెట్టి, చక్రాలు ఎక్కడున్నాయో కాక్‌పిట్‌లోని తెర మీద చూపిస్తారు. నా సిమ్‌లో కూడా ఆ చిత్రం వస్తుంది. కొన్నాళ్లు దాన్ని చూస్తూ తిప్పాను. కానీ తెర చూస్తే బయట చూడలేను, బయట చూస్తే తెర చూడలేను. చివరికి బాబాయి లెక్కే పట్టుకున్నాను. ఫలానా దీపం నా భుజం దాటాక కొట్టాలి అని.

మన గన్నవరం రన్‌వే ఇప్పుడు 3,360 మీటర్లు. దుబాయ్‌కి సరిపడా ఇంధనం పోసి 300ఈఆర్‌ని అక్కడి నుంచి నా సిమ్‌లో చాలాసార్లు లేపాను. లేపడం ఇబ్బంది కాదు, వెనక్కి తిప్పడమే ఇబ్బంది. మామూలుగా ఉండే 45 మీటర్ల వెడల్పు రన్‌వే మీద ఈ విమానం యూ టర్న్ కొట్టలేదు. చివర్లో విడిగా వెడల్పు చేసిన చోటు ఉండాలి. ఇంత చిన్న సంగతి నేను ఎక్కడా చదివి తెలుసుకోలేదు. చక్రాలు గడ్డిలో కూరుకుపోతే తెలిసింది.

రెండో ఇబ్బంది గాల్లోకి లేచేటప్పుడు. దీని మీద నాకు దాదాపు నెల పట్టింది.

రన్‌వే మీద వేగం అందుకున్నాక ముక్కు పైకి లేపడాన్ని రొటేట్ అంటారు. సెకనుకి రెండు నుంచి రెండున్నర డిగ్రీల చొప్పున మెల్లగా లేపాలి. 200లో నేను కాస్త గట్టిగా లాగేదాన్ని. అది ఊరుకునేది. 300తో మొదటి రోజు అలాగే లాగాను. వెనక నుంచి పెద్ద గీరుడు శబ్దం. తోక నేలకు తగిలింది. ఎడ్లు విప్పేసిన బండి నొగ పైకి లేపితే వెనక భాగం నేలకు తగులుతుందే, అచ్చం అలా. రెక్క వెనక అతికించిన ఆ 4.8 మీటర్ల వల్ల, 200కి ఏమీ కాని కోణంలో 300 తోక నేలను గీరేస్తుంది. ఒట్టి సిమ్యులేటరే అయినా ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నిజంగా అయితే వెనక వరుసల్లో మనుషులు ఉంటారు.

అందుకే 300ఈఆర్ కాళ్లలో బోయింగ్ వాళ్లు ఒక మంచి ఏర్పాటు చేశారు. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మామూలు 777లో కాలు తన కిందున్న ఆరు చక్రాల బండికి సరిగ్గా మధ్యలో ఆని ఉంటుంది. విమానం ముక్కు లేపితే ఆ మధ్య ఇరుసు చుట్టూ తిరుగుతుంది. 300ఈఆర్‌లో ఒక హైడ్రాలిక్ యాక్చుయేటర్ (నూనె ఒత్తిడితో పనిచేసే పరికరం) ఆ చక్రాల బండిని లేచే సమయంలో బిగబట్టి ఉంచుతుంది. దాంతో విమానం మధ్య ఇరుసు మీద కాకుండా వెనక ఇరుసు మీద తిరుగుతుంది. మనిషి మునివేళ్ల మీద లేచి నిలబడ్డట్టు. కాలు పొడవు పెరగలేదు, కానీ పెరిగినంత పని చేస్తుంది. తోకకీ నేలకీ మధ్య జాగా పెరుగుతుంది, ముక్కు మరికాస్త పైకి లేపొచ్చు, తక్కువ రన్‌వేతో లేవొచ్చు. సిమ్‌లో బయటి కెమెరా పెట్టుకుని, వేగం తగ్గించి చూస్తే తెలుస్తుంది. ముందు జతలు నేల వదిలాక కూడా చివరి జత ఒక్క క్షణం కాంక్రీటు మీద దొర్లుతూ ఉంటుంది. ఆ ఒక్క క్షణాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బాబాయికి చూపిస్తే ఏమీ మాట్లాడకుండా మళ్లీ పెట్టమన్నాడు.

ఇది కాక విమానంలోని కంప్యూటర్ కూడా కాపు కాస్తుంది. తోక తగిలేలా ఉందనిపిస్తే పైలట్ లాగిన దాంట్లోంచి కొంత తగ్గిస్తుంది. అయినా చెయ్యి నేర్చుకోవాల్సిందే. నేను నోటితో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ. నాలుగు దగ్గర ముక్కు ఎనిమిది డిగ్రీలకు రావాలి, చక్రాలు నేల వదలాలి. వంటింట్లో పప్పు రుబ్బుతూ కూడా అదే లెక్క. మా ఆయన ఒకరోజు "ఏంటి, నాలుగు దాకే వచ్చి ఆగిపోతున్నావు?" అని అడిగారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ ఇబ్బందులన్నీ పడటానికి ముందు నేను ఒక ఉచిత 300 మోడల్‌తో (సిమ్‌లో వేసుకునే విమానం) వారం రోజులు నడిపాను. దాన్ని తయారుచేసినవాళ్లు 200 బొమ్మనే సాగదీసి పొడుగు చేశారు. నడక మాత్రం 200దే. ఎంత లాగినా తోక తగలదు, మలుపులో వెనక చక్రాలు బుద్ధిగా గీత మీదే వస్తాయి. "300 ఎంత తేలికో" అనుకుని మురిసిపోయాను. అది నాకు చేసిన నష్టం ఇంతా అంతా కాదు. నేర్చుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, పైసా ఖర్చయినా సరే, ఒక్కో రకానికీ బరువులు, కాళ్లు, ఇంజన్లు విడివిడిగా లెక్కకట్టి చేసిన మోడలే తీసుకోండి. బయటి బొమ్మ చూసి మోసపోవద్దు.

ఇంజన్ల సంగతి కొద్దిగా. 200ఈఆర్‌కి జీఈ, రోల్స్ రాయిస్, ప్రాట్ అండ్ విట్నీ, మూడు కంపెనీల ఇంజన్లూ వచ్చాయి. 300ఈఆర్‌కి జీఈ90-115బీ ఒక్కటే. దాని ముందు ఫ్యాన్ అడ్డంగా 3.25 మీటర్లు. మా షాపు షట్టర్ కంటే వెడల్పు. ఒక్కో ఇంజన్ ఇచ్చే తోపు లక్షా పదిహేను వేల పౌండ్లు. రెక్కల చివర్లు కూడా వేరు. 200ఈఆర్ రెక్క మొండిగా ఆగిపోతుంది, 300ఈఆర్ రెక్క చివర వెనక్కి వాలి సన్నగా సూదిలా ఉంటుంది. దాంతో రెక్కల వెడల్పు 60.9 మీటర్ల నుంచి 64.8కి పెరిగింది. 65 దాటితే విమానాశ్రయాల్లో పెద్ద తరగతి గేట్లు కావాలి, అందుకే అక్కడ ఆపారు. కొత్తగా వస్తున్న 777-9కి రెక్కలు ఇంకా పొడుగు కాబట్టి, నేల మీద ఉన్నప్పుడు చివర్లు పైకి మడుచుకుంటాయి.

బరువు తేడా దిగేటప్పుడు తెలుస్తుంది. 200ఈఆర్ గరిష్ఠంగా 297 టన్నుల చిల్లరతో లేస్తుంది, 300ఈఆర్ 351 టన్నుల చిల్లరతో. దిగేటప్పుడు అనుమతించే బరువు 213 టన్నులు, 251 టన్నులు. నిండు బరువుతో దిగితే 200ఈఆర్ వేగం 139 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) అయితే, 300ఈఆర్ వేగం 149 దగ్గర ఉంటుంది. పది నాట్లు ఎక్కువ. పైగా నా వెనక చక్రాలు ఇంకా వెనక, ఇంకా కింద ఉంటాయి. నా కళ్లకు నేల ఇంకా దూరంగా ఉందనిపిస్తుండగానే అవి తగిలేస్తాయి. ఇది మాత్రం నాకు తొందరగానే అలవాటైంది, ఎందుకో తెలీదు.

కాకపోతే సిమ్‌లో ఎంత సాధన చేసినా తెలియనివి కొన్ని ఉన్నాయి. అవి తెలిసింది నిజం విమానం ఎక్కాకే.

ఈ కుటుంబంలో మూడోది ఒకటుంది, 777-200ఎల్ఆర్. 200 ఒడ్డూ పొడుగూ, 300ఈఆర్ రెక్కలూ ఇంజన్లూ కలిపినది. పొట్టి శరీరం, పెద్ద బలం. 2005 నవంబరులో ఇది హాంకాంగ్ నుంచి తూర్పుగా బయల్దేరి, ఎక్కడా దిగకుండా 22 గంటల 42 నిమిషాలు ఎగిరి లండన్‌లో దిగింది. 21,602 కిలోమీటర్లు. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పైలట్లందరూ మహిళలే ఉండి, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు వచ్చింది కూడా దీంట్లోనే. అదే నెలలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి ఆగకుండా నడపడం మొదలుపెట్టిందీ దీంతోనే. 300ఈఆర్‌తో అదే దారి నా సిమ్‌లో వేసి చూశాను. మనుషులందరినీ ఎక్కించి ట్యాంకులు నిండా పోసినా, మిగులు ఇంధనం చాల్లేదు. "పొడుగు బండి ఎక్కువ సరుకు మోసుద్ది, పొట్టి బండి ఎక్కువ దూరం పోద్ది" అని బాబాయి ఒక్క ముక్కలో తేల్చేశాడు. దూరాలు పోయే ఆ పొట్టి బండ్లు దాదాపు అరవై మాత్రమే తయారయ్యాయి. 300ఈఆర్‌లు ఎనిమిది వందలు దాటాయి.

సిమ్ కొనడానికి ముందే, 2023లో, మా అమ్మను చెల్లి దగ్గర దింపడానికి బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి ఆ 200ఎల్ఆర్‌లోనే వెళ్లాను. ఎక్కే ముందు గాజు గోడలోంచి తలుపులు లెక్కపెట్టాను. పక్కకు నాలుగు. నాలుగుంటే 200 జాతి, అయిదుంటే 300 జాతి. ఎవరైనా ఇలాగే గుర్తుపట్టొచ్చు. మా సీట్లు రెక్క పక్కన. నిండా ఇంధనంతో బయల్దేరినప్పుడు రెక్క కిందికి వాలి ఉంది. వేగం అందుకునే కొద్దీ ఆ సూది చివర మెల్లగా పైకి లేస్తూ పోయింది. విమానం ఇంకా నేల మీదే ఉంది, రెక్క మాత్రం అప్పుడే ఎగురుతోంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని "రెక్క విరిగిపోదు కదే?" అంది. దాదాపు పదహారు గంటల తర్వాత దిగేటప్పుడు చూస్తే అది వేరే విమానంలా ఉంది. అంత ఇంధనం కరిగిపోయి ఒళ్లు తేలికైంది. సిమ్‌లో ఆ బరువు తగ్గడం అంకెల్లో కనపడుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఒంటికి తెలుస్తుంది.

మొన్న సంక్రాంతి వెళ్లాక బాబాయిని దుబాయ్ తీసుకెళ్లాను, వాళ్లబ్బాయి దగ్గరికి. ఆయనకు అదే మొదటి విమానం. శంషాబాద్ నుంచి 777-300ఈఆర్. తలుపులు అయిదు, ఆయనే లెక్కపెట్టాడు. మా సీట్లు బాగా వెనక, చివరి తలుపుకి దగ్గర. గాల్లో కుదుపులు వచ్చినప్పుడు అక్కడ తోక అటూ ఇటూ ఊగడం బాగా తెలిసింది. ముందు కూర్చున్నవాళ్లకి అంత ఉండదనుకుంటా. నేను నా సిమ్‌లో ఎప్పుడూ కూర్చునేది ముక్కు దగ్గర. నా తోక దగ్గర మనుషులకి ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

కానీ నేను చెప్పాలనుకున్నది బయల్దేరేటప్పటి సంగతి. సీటు ముందున్న తెరలో ముక్కు దగ్గరి కెమెరా చిత్రం పెట్టుకోవచ్చు. బాబాయికి అది పెట్టి ఇచ్చాను. విమానం గేటు దగ్గర నుంచి కదిలి, టాక్సీవే మీద మెల్లగా పోయి, రన్‌వే వైపు మలుపు దగ్గరికి వచ్చింది. తెరలో పసుపు గీత ఎడమకు వంగింది. విమానం వంగలేదు. గీత పక్కకు జారి తెరలోంచి వెళ్లిపోయింది. ఎదురుగా గడ్డి పెద్దదవుతోంది. పక్క సీటాయన తన తెర చూసి ఉలిక్కిపడ్డాడు. బాబాయి ముందుకు వంగి, కుడి చెయ్యి తొడ మీద స్టీరింగ్ పట్టుకున్నట్టు పెట్టి, "ఇంకా... ఇంకా..." అంటున్నాడు.

ముక్కు తిరగడం మొదలైంది.

"ఇప్పుడు కొట్టాడు" అన్నాడు బాబాయి, సీటుకి వెనక్కి వాలుతూ.